గాజు ఇంటి ప్రొఫెసరమ్మ

ఆడపిల్లకు పెద్ద చదువులెందుకని అడిగేవారికి మేము మార్గరెట్ ఫెర్గూసన్ గారి కథ చెబుతుంటాం. ఆవిడ 1863లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఓ రైతు ఇంట పుట్టారు. పద్నాలుగేళ్లకే బళ్లో పాఠాలు చెప్పారు. ఓ పక్క ఉద్యోగం, ఓ పక్క చదువు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో 1901లో డాక్టరేటు అందుకునేసరికి నలభై దగ్గరపడ్డాయి.

మసాచుసెట్స్‌లోని వెల్స్‌లీ మహిళా కళాశాలలో వృక్షశాస్త్ర శాఖకు ఏళ్ల తరబడి అధిపతిగా ఉన్నారు. మొక్కల సంగతి తెలియాలంటే రసాయన, భౌతిక శాస్త్రాలూ రావాలని ఆవిడ పట్టు. పుస్తకంలో బొమ్మ చూస్తే సరిపోదు, మొక్కను ముట్టుకుని చూడాలి. అక్కడేమో చలికాలమంతా మంచే! అందుకే 1920ల మొదట్లో విరాళాలు కూడగట్టి, తామే నమూనా వేసి, గాజు ఇళ్లు కట్టించారు. ఎండ లోపలికొస్తుంది, వేడి బయటికి పోదు. ఎడారి మొక్కలకో గది, తేమ కోరే మొక్కలకో గది. పెటూనియా పూల రంగులు తరతరాలకు ఎలా సంక్రమిస్తాయో కూడా పరిశోధించారు.

1929లో అమెరికా వృక్షశాస్త్ర సంఘానికి తొలి మహిళా అధ్యక్షులయ్యారు. 1932లో పదవీ విరమణ చేశారు. 1946లో ఆ గాజు ఇళ్లకు ఆవిడ పేరే పెట్టారు. 1951లో కన్నుమూశారు.

ఆవిడ తన చదువును తనతోనే ఉంచుకోలేదు, వెనక వచ్చే ఆడపిల్లలకు నీడగా కట్టి వెళ్లారు. మన ఇళ్లల్లో చదివే అమ్మాయిలకు ఈ సంగతి చెప్పండి.