చేతులు మారినా చెరగని ముద్ర

తిరువళ్లూరు జిల్లాలోని తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామి కొండ వలన ప్రసిద్ధి చెందిన ఊరు. డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ జన్మించిన ఊరుగా కూడా దానికి అంతే పేరున్నది. ఆయన 125వ జయంతిని పురస్కరించుకొని 2015 సెప్టెంబరులో భారత ప్రభుత్వం రెండు నాణేలను విడుదల చేసింది. ఒకటి 125 రూపాయలది, మరొకటి 10 రూపాయలది.

125 రూపాయల నాణెం అంగడిలో సరుకులు కొనడానికి చేసినది కాదు. 35 గ్రాముల బరువు గల ఆ నాణెంలో సగం వెండి. సేకరణదారులు దానిని ముఖవిలువ కంటె ఎక్కువ ధర చెల్లించి టంకశాల నుండి కొనుక్కొంటారు. 10 రూపాయల నాణెం మాత్రం చెలామణికి ఉద్దేశించినది. అది అందరి చేతులలోను తిరుగుతుంది.

నాణేలను సేకరించేవారు దాని మీది అంకెను చూసి వెల కట్టరు. మొదట అరుగుదలను పరిశీలిస్తారు. బొమ్మలో ఎత్తుగా ఉండే చెంప, కనుబొమ వంటి భాగాలు ముందుగా అరుగుతాయి. 1949లో విలియం షెల్డన్ అనే అమెరికా దేశస్థుడు ఇందుకై 1 నుండి 70 వరకు ఒక కొలమానం ఏర్పరచాడు. నేడు చెలామణిలో అరగని నాణేలకు 60, అంతకు పైబడిన అంకెలు ఇస్తారు. తరువాత ఏ టంకశాలలో ముద్రించినదో చూస్తారు. హైదరాబాదు నాణేనికి నక్షత్రం, ముంబయి నాణేనికి వజ్రాకారపు గుర్తు ఉంటాయి. ఎన్ని ముద్రించారు, ఎందరు కోరుతున్నారు అనేవి కూడా ధరను నిర్ణయిస్తాయి. కేవలం పాతది అయినంత మాత్రాన నాణేనికి విలువ రాదు. మెరుపు కోసం చింతపండుతో తోమితే సహజమైన కాంతి పోయి ఉన్న విలువ కూడా తగ్గిపోతుంది.

రాధాకృష్ణన్ జీవితాన్ని కూడా ఈ గీటురాయి మీద పరీక్షించవచ్చు. ఆయన 1888 సెప్టెంబరు 5న ఒక సామాన్య తెలుగు కుటుంబంలో జన్మించారు. తండ్రి వీరాస్వామి చిరుద్యోగి. తిరుత్తణి, తిరుపతి, వేలూరులలో చదివి మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. చదువంతా విద్యార్థి వేతనాలతోనే సాగింది. ఏ శాస్త్రం చదవాలో తేల్చుకోవలసిన వేళ, చదువు ముగించిన బంధువు ఒకరు తన తత్త్వశాస్త్ర గ్రంథాలను ఆయనకు ఇచ్చివేశారు. కొత్త పుస్తకాలు కొనే స్తోమత లేని ఆ విద్యార్థి తత్త్వశాస్త్రాన్నే ఎంచుకొన్నారు. పేదరికం చూపిన ఆ దారి ఆయనను ప్రపంచ ప్రఖ్యాతునిగా చేసింది.

1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో అధ్యాపకులయ్యారు. 1921లో మైసూరు విడిచి కలకత్తాకు బయలుదేరినప్పుడు విద్యార్థులు గుర్రాలను విప్పి, ఆయన బండిని తామే రైల్వే స్టేషనుకు లాగుకొని వెళ్లారు. 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉన్నారు. 1936లో ఆక్స్‌ఫర్డులో ఆచార్య పదవి లభించింది. 1949లో సోవియట్ రష్యాకు రాయబారి అయ్యారు. 1952లో ఉపరాష్ట్రపతి, 1962లో రాష్ట్రపతి అయ్యారు. 1954లో భారతరత్న బిరుదును అందుకొన్నారు.

నాణెం చేతులు మారినట్లు ఆయన ఇన్ని పదవులు మారారు. అయినా ఉపాధ్యాయుడనే తొలి ముద్ర అరగలేదు. రాష్ట్రపతి అయిన సంవత్సరం తన పుట్టినరోజును ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకోవాలని ఆయన కోరారు. 1975 ఏప్రిల్ 17న మద్రాసులో కన్నుమూశారు.

పెట్టెలో భద్రంగా దాచిన నాణెం మెరుపు చెడకుండా ఉండడం సహజం. పది మంది చేతులలో తిరిగి కూడా ముద్ర చెరగని నాణెం అరుదు. రాధాకృష్ణన్ జీవితం అటువంటి అరుదైన నాణెం.