రఘుపతి వెంకయ్య నాయుడు – అందరి వెండితెర

మంగినపూడి తీరాన విహరించే మన విద్యార్థులలో, తెలుగువారి చలనచిత్ర పితామహుడు ఈ చెంతనున్న బందరులోనే పుట్టాడని ఎందరెరుగుదురు? ఆయన రఘుపతి వెంకయ్య నాయుడుగారు. 1869 అక్టోబరు 15న మచిలీపట్నంలో జన్మించి, మద్రాసు చేరి, ఛాయాగ్రాహకులుగా పేరు గడించారు.

1909లో ఆయన క్రోనోమెగాఫోన్ అనే యంత్రాన్ని కొన్నారు. తెరపై బొమ్మ కదులుతుండగా, గ్రామఫోను పలకపైని ధ్వనిని గాలి ఒత్తిడితో పెంచి వినిపించే యంత్రమది. దానితో డేరా వేసి, బర్మా, సింహళముల వరకు వెళ్లి ప్రదర్శనలిచ్చారు. పిమ్మట మద్రాసులో గెయిటీ మొదలగు సినిమా హాళ్లు కట్టించారు. కుమారుడు ప్రకాశ్‌ను విదేశాలకు పంపి ఆ విద్య నేర్పించారు. 1921లో స్టార్ ఆఫ్ ది ఈస్ట్ సంస్థను స్థాపించగా, దాని నుండి ‘భీష్మ ప్రతిజ్ఞ’ మూకీ వెలువడింది.

ఆ మూకీల హాలును ఒక్కసారి ఊహించుకొందము. కథ తెరపై అక్షరాలలో కనిపించేది. చదువురానివారి కొరకు ఒక వ్యాఖ్యాత దానిని బిగ్గరగా చెప్పేవాడు. వినికిడి లేనివానికి అక్షరము, చూపు లేనివానికి వ్యాఖ్యాత గొంతు తోడు. ఎవరూ తలపెట్టకుండానే అక్కడ అందరికీ చోటు దొరికింది. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు తెర మాటలు నేర్చింది. అక్షరము తొలగింది, వ్యాఖ్యాత వెళ్లిపోయాడు. ఆనందించినవారు లక్షలు, వెలుపల మిగిలిపోయినవారిని లెక్కించినవారు లేరు. వెంకయ్యగారు 1941 మార్చి 15న కన్నుమూశారు.

పోయిన ఆ చోటును తిరిగి కల్పించుమని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆదేశించింది. సినిమా హాళ్లలో తెరమీది రాతకు, శ్రవణ వివరణకు 2024లో కేంద్రప్రభుత్వం మార్గదర్శకాలు వెలువరించింది.

మన సంగతేమి? ఇటీవల మేము ఒక చిత్రప్రదర్శన ఏర్పాటు చేసినపుడు, వినికిడి లేని విద్యార్థి ఒకడు తోటివారు నవ్వినపుడెల్ల వారి ముఖాలకేసి చూచి, సగంలోనే లేచిపోయాడు. చిత్రాన్ని ఎంచుకొన్న మేము అతనిని తలచనేలేదు. తప్పు మాదే.

కనుక వచ్చే ప్రదర్శనకు తెలుగు, ఉర్దూ అక్షరాలున్న ప్రతిని తెప్పింతము. చూపు లేని మిత్రుని పక్కన కూర్చొని దృశ్యాన్ని చెప్పగల ఒకరిని నియమింతము. గుమ్మము వద్ద మెట్లకు తోడుగా వాలుదారి వేయింపుమని కళాశాల సంఘాన్ని కోరుతున్నాము. చిత్రం ముగిసిన పిదప ఏది అందినదో, ఏది అందలేదో మొదట వారినే అడుగుదము. బందరు బిడ్డడు తెరిచిన ఆ తెర అందరిదీ కావాలి.