విశ్వాసధనుడు బిషప్పు అజరయ్య

కష్టములు రాని జీవితము లోకమున లేదు. వచ్చిన కష్టము కొందరిని క్రుంగదీయును. కొందరిని పుటము పెట్టిన బంగారమువలె మెరయించును. ఈ భేదము కష్టములో లేదు. దానిని ఎదుర్కొను హృదయములో నున్నది. ఆ హృదయమునకు బలము ఎచ్చటనుండి వచ్చునన్న ప్రశ్నకు ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా సమాధానము చెప్పుదురు. క్రీస్తునందలి విశ్వాసమే తన బలమని నమ్మి, ఆ నమ్మికను ముప్పదియైదేండ్లు తెలుగు పల్లెలలో ఆచరించి చూపిన మహనీయుడు బిషప్పు వేదనాయకము సామ్యూలు అజరయ్య.

మా హుజూర్‌నగరునుండి కోదాడ, ఖమ్మముల మీదుగా ఉత్తరమునకు పోయినచో డోర్నకలు వచ్చును. రైలుమార్గములు కలియు చిన్న పట్టణమది. ఎచ్చటనో తిరునల్వేలి సీమలో పుట్టిన తమిళుడొకడు అచ్చటికి వచ్చి, తెలుగు నేర్చి, తెలుగు పేదలలో ఒకడై, ఆ ఊరనే కన్నుమూయుట మన ప్రాంతపు చరిత్రలో మరువరాని ఘట్టము.

అజరయ్య 1874 ఆగస్టు 17వ తేదీన వెళ్లాలన్‌విళై యను గ్రామమున జన్మించెను. తండ్రి థామస్ వేదనాయకము ఆ గ్రామపు దేవాలయమున గురువు. చిరకాల నిరీక్షణానంతరము కలిగిన పుత్రుడగుటచే, బైబిలులోని భక్తురాలు హన్నా కుమారుని పేరిట, బిడ్డకు సామ్యూలని నామకరణము చేసిరి. ఆ సంతోషము ఎంతోకాలము నిలువలేదు. 1889లో తండ్రి మరణించెను. అప్పటికి బాలునకు పదునైదేండ్లు. తల్లి ఎలెన్ ధైర్యశాలిని. భర్త పోయిన దుఃఖమును ప్రార్థనలో దిగమ్రింగి, కుమారుని క్రమశిక్షణతో పెంచెను. కష్టకాలమున మోకాళ్ళూని బలము పొందు విద్యను ఆయన మొదట తల్లియొద్దనే నేర్చెనని చెప్పవచ్చును.

ఉన్నతవిద్యకై ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరెను. గణితశాస్త్రమున ప్రీతి గలవాడు. కాని పట్టపరీక్షకు ముందు జబ్బుపడి పరీక్షకు కూర్చుండలేకపోయెను. పిదపనైనను ఆ పట్టమును పొందలేదు. పరీక్ష తప్పినంతమాత్రమున జీవితమే తప్పినట్లు కలతచెందు విద్యార్థులు నేడెందరో కలరు. వారీ సంగతిని మనస్సున నుంచుకొనవలెను. పట్టము లేని ఆ యువకుని 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరేటుతో సన్మానించినది.

1895లో ఆయన వై.ఎం.సి.ఎ. సంస్థలో కార్యదర్శిగా ప్రవేశించి, దక్షిణదేశమంతయు సంచరించెను. 1898లో అన్బు మరియమ్మాళ్ సామ్యూలును వివాహమాడెను. దక్షిణ భారతమున కళాశాల విద్య నభ్యసించిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకతె. భర్త చేపట్టిన ప్రతి కార్యమునందును ఆమె సగభాగము మోసినది.

1902లో యాఴ్పాణమునకు పోయినపుడు, అచ్చటి క్రైస్తవులు తమ సొంత ధనముతో పరప్రాంతములకు సేవకులను పంపుట ఆయన చూచెను. స్వదేశమున ఆ పని విదేశీయులే చేయవలెనా యను వేదన ఆయనను పట్టుకొనెను. మరుసటి సంవత్సరమే తిరునల్వేలిలో భారతీయ మిషనరీ సంఘమును స్థాపించుటలో ముఖ్యుడయ్యెను. ఆ సంఘము తన సేవాక్షేత్రముగా నిజాము రాజ్యములోని డోర్నకలును ఎన్నుకొనెను. 1905లో సేరంపూరున వెలసిన జాతీయ మిషనరీ సంఘమునకును ఆయన మూలపురుషులలో ఒకడు.

అన్యులను పంపి తాను పట్టణమున సుఖముగా నుండుట ఆయన మనస్సు కొప్పలేదు. 1909లో గౌరవప్రదమైన పదవిని విడిచి, గురుపట్టమును పొంది, తానే డోర్నకలు చేరెను. వయస్సు ముప్పదియైదేండ్లు. తొలుత నివాసము గుడారము. చుట్టును అడవి, జ్వరముల బెడద. తెలుగు అక్షరములు మొదలుకొని నేర్వవలసివచ్చెను. మేధావియని పేరు పొందినవాడు ఆ వయస్సున పరభాషలో పసివానివలె తడబడుటకు వినయము కావలెను. ఆ వినయమే ఆయనకు పల్లెప్రజల గుండెతలుపులు తెరచినది.

1910లో ఎడింబరో నగరమున ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. అందు అజరయ్య నిర్భయముగా మాటలాడెను. పాశ్చాత్య సేవకుల త్యాగమును కొనియాడుచునే, వారు భారతీయులను సమానులైన మిత్రులుగా చూచుట లేదని ముఖముననే తెలిపెను. సభలో కలవరము చెలరేగినది. నాటి పరతంత్ర భారతదేశపు యువగురువు అట్లు పలుకుట సామాన్యవిషయము కాదు. ద్వేషము లేక సత్యము పలుకగల శక్తి ఆయనకు విశ్వాసమువలననే కలిగినది.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్పు పట్టాభిషేకము జరిగెను. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన మొదటి భారతీయుడాయనయే. భారతీయుని క్రింద పనిచేయుట కొందరు దొరలకు రుచింపలేదు. స్వజనులలో సైతము శంకించినవారుండిరి. ఆయన ఎవరితోను వాదమునకు దిగలేదు. ఎడ్లబండిమీదను, సైకిలుమీదను పల్లెపల్లె తిరుగుచు పనితోనే బదులు చెప్పెను.

ఆ పని ఎవరి నడుమ జరిగినది? అధికసంఖ్యాకులు మాల, మాదిగ కులములవారు. వెట్టిచాకిరి, అప్పులు, ఆకలి, అంటరానితనము వారి నిత్యానుభవములు. క్రైస్తవులైనంతనే ఈ బాధలు తొలగెనా? తొలగలేదు. కొన్నిచోట్ల పెరిగినవి కూడ. కొత్తమతము పుచ్చుకొన్నారని పనులు మాన్పించిన పెత్తందారులు కలరు. మరి విశ్వాసమువలన వారికి ఒరిగినదేమి? ఈ ప్రశ్నను అజరయ్య తప్పించుకొనలేదు. అన్నవస్త్రముల నాశచూపి ఎవరిని చేర్చుకొనరాదనునది ఆయన నియమము. తామును దేవుని బిడ్డలమను ఆత్మగౌరవము మొదట కలుగవలెను; అది కలిగిన మనుష్యుడు కల్లు మానును, బిడ్డను బడికి పంపును, తలయెత్తి నడచును. పల్లెలలో గురువే ఉపాధ్యాయుడు. పగలు పిల్లలకు అక్షరములు, రాత్రి పెద్దలకు పాటలు, ప్రార్థనలు. తెలుగు కీర్తనలను, కోలాటములను, పంటపండుగలను ఆయన ఆదరించెను.

పేదవాడు పుచ్చుకొనుటకే పుట్టినవాడను భావమును ఆయన అంగీకరించలేదు. వంటకు బియ్యము కొలుచునపుడు ఇల్లాలు పిడికెడు తీసి దేవునికై వేరుగా ఉంచు ఆచారమును ప్రోత్సహించెను. చూచుటకది అల్పము. కాని ఇతరులకు ఈయగలిగినవాడు బిచ్చగాడు కాడు గదా! ఆ పిడికెడు బియ్యములో ఒక జాతి ఆత్మగౌరవము దాగియున్నది. వారి నడవడిలోని మార్పును కన్నులార చూచి, ఇతర కులములవారును పలువురు సంఘమున చేరిరి. 1930 దశాబ్దమునకు ఆయన మండలములోని క్రైస్తవుల సంఖ్య రెండులక్షలు దాటినది.

అన్నియు సాఫల్యములే యనుట అతిశయోక్తి. మాల మాదిగల భేదము దేవాలయపు గుమ్మమువద్ద ఆగలేదు, లోనికిని వచ్చినది. దానితో ఆయన కడవరకు పోరాడవలసివచ్చెను. మతాంతరీకరణ విషయమున గాంధీమహాత్మునితో అభిప్రాయభేదము కలిగినది. ఐనను, క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదనియు, అవి తన ప్రజలను దేశజనులనుండి వేరుచేయుననియు ఆయన దృఢముగా చెప్పెను. ఉభయపక్షముల విమర్శకు గురియగుట ఆయన పాలిటి భారము. దానిని మౌనముగా మోసెను.

డోర్నకలు దేవాలయము ఆయన ఓర్పునకు రాతిరూపము. ధనము చాలక, యుద్ధములవంటి ఆటంకములు వచ్చి, ఆ నిర్మాణము సుమారు పాతికేండ్లు సాగినది. మధ్యలో విడువలేదు. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగెను. హిందూ దేవళముల స్తంభములు, మహమ్మదీయ కట్టడముల గుమ్మటములు, క్రైస్తవ చిహ్నములు అందు సోదరభావముతో కలిసియున్నవి. క్రీస్తు భారతీయునకు పరాయివాడు కాడని ఆ రాళ్ళు పలుకుచున్నవి.

1945 జనవరి 1న, లోకము నూతన సంవత్సర వేడుకలలో నుండగా, అజరయ్య డోర్నకలులో కన్నుమూసెను. విడివడియున్న సంఘములు ఏకము కావలెనని ఆయన జీవితమంతయు శ్రమించెను. ఆ ఫలము, దక్షిణ ఇండియా సంఘము, 1947 సెప్టెంబరు 27న అవతరించినది. విత్తినవాడు కోతను చూడలేదు.

తండ్రిని పోగొట్టుకొన్న బాలుడు, పరీక్ష వ్రాయలేకపోయిన విద్యార్థి, గుడారములో అక్షరములు దిద్దుకొన్న నడివయస్కుడు, ఇరువైపుల నిందలు మోసిన నాయకుడు: ఈ నలుగురును ఒక్కరే. విశ్వాసము ఆయన కష్టములను తీసివేయలేదు. వానిని మోయు భుజములను ఇచ్చినది. మన పాఠశాలలలో తొలి బెంచీకి దూరముగా తలవంచుకొని కూర్చుండు పేదబాలుని చూచినపుడు ఉపాధ్యాయులు ఈ జీవితమును ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొందురుగాక. ఆ బాలునికి జాలికంటె ముందు కావలసినది గౌరవమని అజరయ్య ఎరుగును.