పెద్దమ్మ ఇంటి నుంచి మహానటి దాకా..

గుంటూరు జిల్లా చిర్రావూరు నుంచి బెజవాడ వెళ్లాలంటే కృష్ణానది దాటితే చాలు. ఇద్దరు ఆడపిల్లల బతుకుని మార్చేసింది ఆ కాస్త దూరమే. పెద్దమ్మాయి మారుతి, చిన్నమ్మాయి సావిత్రి. చిన్నది ఆరు నెలల పసికందుగా ఉండగానే తండ్రి గురవయ్య కన్నుమూశారు. దిక్కుతోచని తల్లి సుభద్రమ్మ పిల్లలిద్దరినీ తీసుకుని బెజవాడలోని తన అక్క దుర్గాంబ ఇంటికి చేరారు.

పెద్దమ్మ, పెదనాన్న వెంకట్రామయ్య చౌదరి నీడలోనే అక్కాచెల్లెళ్లు పెరిగారు. కస్తూరిబాయి మెమోరియల్ స్కూల్లో చదువు, శిష్ట్లా పూర్ణయ్యశాస్త్రి దగ్గర నాట్యం. సావిత్రిలోని చురుకుదనం చూసి పెదనాన్నే నాటకాలు ఆడించారు, మద్రాసుకూ తీసుకెళ్లారు.

అక్కడ అంతా సాఫీగా సాగలేదు. 1950లో 'సంసారం'లో వేషం చేతిదాకా వచ్చి జారిపోయింది. 'పాతాళభైరవి' (1951)లో దక్కింది ఒక్క నాట్యమే. 'దేవదాసు' (1953), 'మిస్సమ్మ' (1955), 'మాయాబజార్' (1957) వచ్చాక మాత్రం తిరుగులేదు. అరవం వాళ్లూ సొంత మనిషిని చేసుకుని 'నడిగైయర్ తిలగం' అని నెత్తిన పెట్టుకున్నారు. 'పాశమలర్' (1961)లో అన్న కోసం తపించే చెల్లెలిగా తమిళనాడు చేత కంటతడి పెట్టించారు.

ఇంతలో జెమినీ గణేశన్‌తో పెళ్లి. పెదనాన్నకు అది మింగుడు పడలేదు. చిన్ననాడు నీడనిచ్చిన ఆ ఇంటి గడప దాటక తప్పలేదు. తర్వాత సొంతంగా కట్టుకున్న సంసారమూ నిలవలేదు, ఆస్తులూ కరిగిపోయాయి. 19 నెలలు కోమాలో ఉండి 1981 డిసెంబర్ 26న మద్రాసులోనే కన్నుమూశారు. ఆమె నటన మాత్రం తెలుగు, తమిళ ఇళ్లు రెండింటా ఇప్పటికీ చెక్కుచెదరలేదు.