ఆచార్య పంచానన్ మహేశ్వరి

ఆవృతబీజాల పిండోత్పత్తిశాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ ఆచార్య పంచానన్ మహేశ్వరి గారి నామం సుపరిచితమే. వారి జీవితాన్ని సంగ్రహంగా పాఠకుల ముందుంచుతున్నాము.

వారు 1904 నవంబరు 9న జయపురంలో జన్మించారు. అలహాబాదులోని యూయింగ్ క్రిస్టియన్ కళాశాలలో విన్‌ఫీల్డ్ డడ్జన్ అనే అమెరికన్ అధ్యాపకుడు వారికి గురువు. గురుదక్షిణగా ఏమి సమర్పించాలని శిష్యుడు అడుగగా, తాను అతనికి చేసినదే అతడు తన శిష్యులకు చేస్తే చాలునని గురువు కోరినట్లు ప్రతీతి. ఆ ఋణాన్ని వారు జీవితాంతం తీరుస్తూనే ఉన్నారని మా అభిప్రాయం.

ఆగ్రాలోను, ఢాకాలోను బోధించిన పిమ్మట 1949లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర శాఖాధిపతి అయ్యారు. 1950లో వెలువడిన వారి పిండోత్పత్తిశాస్త్ర గ్రంథం దేశదేశాల పాఠ్యగ్రంథమైంది. అయినా మాకు అంతకంటె ఘనంగా తోచేది ఆ శాఖలో వారు నాటిన ఒక ఆసక్తి: పువ్వును, దాని భాగాలను మొక్క నుండి వేరుచేసి, గాజునాళికలో పోషకయానకంపై పెంచడం. 1962లో అక్కడ నల్లమందు మొక్క అండాలకు నాళికలోనే ఫలదీకరణ జరిపించి గింజలు పండించారు.

అదే శాఖలో శిప్రా గుహ గారు జోహ్రీ గారి పర్యవేక్షణలో ఉల్లి పువ్వులను వర్ధనం చేశారు. అనంతరం 1964లో ఆమె, సతీశ్ చంద్ర మహేశ్వరి గారు కలిసి ఉమ్మెత్త పరాగకోశాలను వర్ధనం చేయగా పిండాలు ఏర్పడ్డాయి. అవి పుప్పొడి రేణువుల నుండి పుట్టినవని, సగం క్రోమోసోములే గల ఏకస్థితికాలని 1966లో తేటపడింది. పేర్లు కలిసినందున ఈ ఘనతను పంచానన్ గారికే ఆపాదించేవారు కొందరున్నారు. ఆ పత్రాలపై వారి పేరు లేదు. శిష్యుల పనిపై తన పేరు లేకపోవడం ఆ గురుదక్షిణకు తగినదే కదా!

1965లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. 1966 మే 18న వారు పరమపదించారు.

ఉల్లి మాత్రం చాలాకాలం లొంగలేదు. అది పరపరాగ సంపర్కంతో ఫలించేది. గింజ నుండి గింజకు రెండేండ్లు పడుతుంది. స్వపరాగ సంపర్కం సాగించినకొద్దీ సంతతి క్షీణిస్తుంది. కనుక శుద్ధవంశాన్ని సాధించడం దీర్ఘకాలిక శ్రమ. 8 క్రోమోసోముల ఏకస్థితిక మొక్క దొరికితే, కాల్చిసిన్‌తో వాటిని 16 చేసి ఒక్కసారిగా శుద్ధవంశం పొందవచ్చు. కాని ఉల్లి పుప్పొడి ఉమ్మెత్తవలె స్పందించలేదు. చివరకు 1980ల ఉత్తరార్ధంలో, విచ్చని మొగ్గల నుండి, అండాల నుండి, స్త్రీబీజం వైపునుండే ఆ మొక్కలు లభించాయి. మహేశ్వరి గారు గతించి అప్పటికి ఇరవై ఏండ్లు దాటింది.