కోడి రామమూర్తి నాయుడుగారు

దసరాకును పీర్లపండుగకును కఱ్ఱసాము చూచిన మన జగ్గయ్యపేట, నందిగామ బాలురకు గరిడి యనుమాట క్రొత్తది కాదు. పూర్వమది వేడుక మాత్రమే కాదు, జీవనాధారము. మన పేటకు తన తండ్రి జగ్గయ్యగారి పేరిడిన వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారివంటి జమీందారులు సేనలను పోషించిన కాలమున, కత్తియు కఱ్ఱయు త్రిప్పనేర్చినవానికి కొలువు దొరకెడిది. 1802వ సంవత్సరపు శాశ్వత బందోబస్తుతో జమీందారులు కేవలము శిస్తు చెల్లించువారైరి. సేనలతో వారికి పని లేకపోయెను. కొలువులు పోగా నా విద్య తాలింఖానాలలో తలదాచుకొనెను.

దానికి మరల బ్రతుకుత్రోవ చూపినవారిలో రామమూర్తి నాయుడుగారిని మేమగ్రగణ్యునిగా నెంచుచున్నాము. వారు 1882లో ఉత్తరాంధ్రమందలి వీరఘట్టమున జన్మించిరి. బాల్యముననే తల్లి గతింపగా విజయనగరమున పినతండ్రిగారి యింట పెరిగిరి. అచట పుస్తకములకంటె వ్యాయామశాలయే వారికి ప్రియమయ్యెను. (పరీక్షలముందు మా విద్యార్థులీ వాక్యమును తలంపకుందురుగాక!) పిమ్మట చెన్నపురి చెంత సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది, తాము చదివిన విజయనగరపు పాఠశాలలోనే వ్యాయామోపాధ్యాయులైరి. ఏనుగు కథ నందరు నెఱుగుదురు. గోదాలోని విద్య బడిగంటకు లోబడిన యీ ఘట్టమును తలచువారు కొందఱే. మాకిదియే ముఖ్యముగా తోచుచున్నది.

తరువాత వారు సర్కసు నెలకొల్పి దేశమంతయు తిరిగిరి. ఱొమ్మున బిగించిన యినుపగొలుసును ఊపిరి పూరించి తెంచెడివారు. ఱొమ్ముపై పలక వేయించి దానిపై నేనుగును నిలిపెడివారు. వైస్రాయి మింటోప్రభువు విశాఖపట్టణమునకు వచ్చినపుడు వారి కారును కదలనీయక పట్టి నిలిపిరని ప్రతీతి. ఇది కండబలము మాత్రమే కాదు. పలక భారమును పంచును. నిండిన ఊపిరి ఱొమ్మును కమానువలె నిలుపును. తమ శక్తికి ప్రాణాయామమే మూలమని వారు చెప్పుచుండెడివారు. మాంసమును ముట్టనివారు. లండనులో అయిదవ జార్జి చక్రవర్తి వారికి ఇండియన్ హెర్క్యులస్ అను బిరుదునిచ్చిరి.

ఆర్జించినది దానములకే చాలవఱకు వ్యయమయ్యెను. కడపటి కాలమున కాలికి పుండు లేచి, ఆ కాలు తీయవలసివచ్చెను. మత్తుమందు వలదనిరని చెప్పుదురు. ఏనుగును మోసిన దేహము తన యడుగును తాను మోయలేని స్థితికి వచ్చెను. 1942లో ఒరిస్సాలోని బలంగీరున, సొంతయూరికి దూరముగా, వారు కాలధర్మము నొందిరి. విశాఖ సముద్రతీరమున వారి విగ్రహమును, శ్రీకాకుళమున వారి పేరిట క్రీడామైదానమును కలవు.