బంగారు సూదిమందును వెనక్కి నెట్టిన తెలుగు వైద్యుడు

1994 సెప్టెంబరులో సూరత్ నగరాన్ని ప్లేగు భయం కమ్మివేసింది. లక్షలాది మంది ఊరు విడిచి వెళ్లారు. తెలంగాణ నుంచి వలస వెళ్లి అక్కడి మగ్గాలపై ఆధారపడిన తెలుగు కుటుంబాలూ ఆ భయాన్ని చవిచూశాయి. ఆనాడు నగరంలో విరివిగా పంచిన మందు టెట్రాసైక్లిన్. ఆ మందుల కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను 1948లో అమెరికాలోని లెడర్లీ సంస్థ వెలువరించింది. పసిడి వన్నెను బట్టే దానికి ఆ పేరు వచ్చింది. అక్కడి పరిశోధనలకు సారథి యల్లాప్రగడ సుబ్బారావు.

అసలు బంగారంతో ఆయన కృషికి ఏర్పడిన సంబంధం మాత్రం వేరు. అది రుమటాయిడ్ కీళ్లవాతానికి చెందినది.

1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన సుబ్బారావు మద్రాసులో వైద్యవిద్య అభ్యసించారు. ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఇద్దరు సోదరులను స్ప్రూ వ్యాధి రోజుల వ్యవధిలో బలిగొన్నది. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం బోధించి, 1922లో అమెరికా చేరారు. భార్య శేషగిరిని గానీ, జన్మభూమిని గానీ మళ్లీ చూడలేదు.

1929లో ఫ్రెంచి వైద్యుడు జాక్ ఫోరెస్టియే కీళ్లవాతానికి బంగారు లవణాలు పనిచేస్తున్నాయని ప్రకటించారు. అవి అంతవరకు క్షయకు వాడిన మందులు. కీళ్లవాతమూ అటువంటి సూక్ష్మజీవి వల్లనే వస్తుందన్న తలంపుతో ప్రయోగించారు. తలంపు తప్పు, ఫలితం నిజం! వైద్యచరిత్రలో ఇటువంటివి అరుదేమీ కావు. స్వర్ణభస్మం ఎరిగిన మన దేశంలో ఇది వింతగానూ తోచి ఉండదు.

అయితే ఆ చికిత్స సుదీర్ఘమైనది. వారం వారం కండలోకి సూదిమందు ఎక్కించాలి. గుణం కనిపించడానికి నెలలు పట్టేది. ఆపై ఏళ్ల తరబడి కొనసాగించాలి. ఒంటిపై దద్దురులు, మూత్రంలో మాంసకృత్తులు, రక్తకణాల క్షీణత ఎదురయ్యేవి గనుక తరచూ రక్త, మూత్ర పరీక్షలు తప్పేవి కావు. దీర్ఘకాలం వాడిన కొందరిలో ఎండ తగిలే చర్మం బూడిద నీలి రంగుకు మారేది. నొప్పి తగ్గినా మందు మానుకోవలసి వచ్చినవారు ఎందరో.

లెడర్లీలో సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను హరించిన స్ప్రూకు అది ఔషధమైంది. దాని పనిని అడ్డగించే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లు ఆ కృషి నుంచే వెలువడ్డాయి. పిల్లల రక్తకేన్సర్‌ను అమినోప్టెరిన్ తాత్కాలికంగా నిలువరించిందని 1948లో సిడ్నీ ఫార్బర్ వెల్లడించారు. ఆ ఆగస్టులోనే, 53వ ఏట, సుబ్బారావు న్యూయార్క్‌లో కన్నుమూశారు.

1951లో అమినోప్టెరిన్‌ను కీళ్లవాత రోగులపై పరీక్షించినా, కార్టిజోన్ ప్రభలో ఆ వార్త మరుగున పడింది. 1988లో అమెరికా మెథోట్రెక్సేట్‌ను ఈ వ్యాధికి అనుమతించింది. బంగారు సూదిమందు క్రమంగా వైద్యశాలల నుంచి తప్పుకున్నది.

మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికి వారంలో ఒక్క రోజే వాడాలి; పొరపాటున రోజూ వాడితే ప్రాణాపాయం. రక్త, కాలేయ పరీక్షలు దీనికీ తప్పవు. దీనితోపాటు వైద్యులు సాధారణంగా ఫోలిక్ ఆమ్లం మాత్రనూ రాస్తారు. ఆ రెండూ సుబ్బారావు ప్రయోగశాల నుంచి వచ్చినవే.